ఆ అచ్చు లేని పాస్‌పోర్టు

సికింద్రాబాద్ కుమ్మరిగూడలోని ప్రాంతీయ పాస్‌పోర్టు కార్యాలయం ఇచ్చే పాస్‌పోర్టులన్నీ పైకి ఒకేలా కనిపిస్తాయి. తేడా లోపల ఉంది. పదో తరగతి గట్టెక్కనివారి పుస్తకంలో సాధారణంగా ‘ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్’ అన్న అచ్చు పడుతుంది. అది ఉన్నవారు గల్ఫ్ సహా 18 దేశాల్లో ఎక్కడికి కొలువుకు వెళ్లాలన్నా ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి తీసుకోవాలి, ఒప్పందపత్రం చూపించాలి, 10 లక్షల రూపాయల ప్రవాసీ భారతీయ బీమా చేయించుకోవాలి. పది పాసైతే ఆ అచ్చూ లేదు, ఆ తనిఖీలూ లేవు. డిగ్రీ, దాని మీద బీఈడీ, పదేళ్ల సర్వీసు ఉన్న టీచరమ్మ పాస్‌పోర్టులో ఆ అచ్చు ఎలాగూ ఉండదు. దాన్ని మన ఇళ్లలో ఒక హోదాగా చెప్పుకుంటారు. కానీ ఆమె కువైట్‌లో ఏ స్కూల్లో చేరిందో, ఎంత జీతానికి సంతకం పెట్టిందో, ఏ కన్సల్టెన్సీ చేతిలో ఎంత పోసిందో తెలుసుకునే బాధ్యత ప్రభుత్వంలో ఎవరికీ లేదన్నదే ఆ హోదాకు అసలు అర్థం. చదువుకున్నవాళ్లు తమ సంగతి తాము చూసుకోగలరన్న నమ్మకం మీద ఈ ఏర్పాటు నడుస్తోంది. ఆ నమ్మకం తప్పు. విదేశానికి పాఠం చెప్పడానికి వెళ్లే ఉపాధ్యాయుడూ వలస కార్మికుడే. మేస్త్రీకి, డ్రైవరుకు ఇస్తామంటున్న రక్షణ అతనికీ దక్కాలి.

పాఠం చెప్పడానికి సముద్రం దాటడం ఈ ఊరికి కొత్త కాదు. 1893 ఫిబ్రవరి 13న సికింద్రాబాద్ మహబూబ్ కాలేజీలో స్వామి వివేకానంద మాట్లాడింది పశ్చిమ దేశాలకు తాను ఎందుకు వెళ్లదలిచాడన్న విషయం మీదే. అప్పటికి షికాగో సభ ఇంకా ఏడు నెలల దూరంలో ఉంది. నవాబు ఖుర్షీద్ జా దారిఖర్చులకు వెయ్యి రూపాయలు ఇవ్వబోతే, సమయం వచ్చినప్పుడు అడుగుతానని ఆయన తీసుకోలేదని జీవితచరిత్రలు చెబుతాయి. ఇప్పుడు వ్యవహారం తిరగబడింది. దారి చూపిస్తానన్నవాడికి వెళ్లే గురువే ఎదురిచ్చుకోవాలి. ఇథియోపియా, నైజీరియా, లిబియా కాలేజీల్లో మన లెక్చరర్లు దశాబ్దాల కిందటే పాఠాలు చెప్పారు. గల్ఫ్‌లోని సీబీఎస్‌ఈ బడులు, మాల్దీవుల దీవుల్లోని ప్రభుత్వ బడులు భారతీయ టీచర్ల మీద చాలావరకు ఆధారపడ్డాయి. ఇంగ్లండ్ 2023 ఫిబ్రవరిలో తన ఉపాధ్యాయ అర్హతకు నేరుగా దరఖాస్తు చేసుకోగల దేశాల జాబితాలో భారత్‌ను చేర్చి లెక్కలు, సైన్సు, భాషలు చెప్పేవారికి తలుపు తెరిచింది. గిరాకీ ఉంది, వెళ్లేవారూ ఉన్నారు. మధ్యలో నిలబడేవాడి మీదే ఎవరికీ అదుపు లేదు.

అసలు వెళ్లనివ్వడమెందుకు, ఇక్కడి బడుల్లో ఖాళీలు ఉండగా టీచర్లను ఎగుమతి చేస్తామా అన్నది తరచూ వినిపించే అభ్యంతరం. దేశభక్తి ధ్వనించే ఈ మాటకు డీఎస్సీ చరిత్రే జవాబు. తెలంగాణలో 2017లో 8,792 పోస్టులకు ప్రకటన వచ్చాక మళ్లీ నియామకపత్రాలదాకా వెళ్లిన డీఎస్సీ 2024దే, 11,062 పోస్టులకు. ఆంధ్రప్రదేశ్‌లో 2018 తర్వాత మళ్లీ 2025లో 16,347 పోస్టులకు డీఎస్సీ జరిగింది. ఈ మధ్యకాలంలో బీఈడీ చేసి టెట్ పాసైన యువతీయువకులు ఎక్కడున్నారు? ప్రైవేటు బడుల్లో, వేసవిలో జీతం వస్తుందో రాదో తెలియని కొలువుల్లో. కొవిడ్ కాలంలో బడులు మూతపడితే 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు నెలకు రెండు వేల రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించింది. ఆ సాయాన్ని తప్పుపట్టడానికి లేదు, ఆకలి వేళ అది అన్నమే. కానీ పిల్లలకు లెక్కలు చెప్పే మనిషి రేషన్ దుకాణం ముందు బియ్యం సంచీతో నిలబడిన సంగతి సమాజం మరిచిపోయినా టీచర్లు మరిచిపోలేదు. ఉన్నచోట బతుకు చూపించలేని రాజ్యానికి, వెళ్లేవారిని ఆపే నైతిక హక్కు ఎక్కడిది? వాళ్లు మోసపోకుండా చూసే బాధ్యత మాత్రం దానికి మిగిలే ఉంటుంది.

టీచర్లు మోసపోతారా, వాళ్లకు ఒప్పందం చదవడం రాదా అనేవారు అమెరికాలోని లూసియానా ఉదంతం చూడాలి. 2007 నుంచి సుమారు 350 మంది ఫిలిప్పీన్స్ ఉపాధ్యాయులను అక్కడి బడుల్లో చేర్చిన ఒక లాస్ ఏంజెలిస్ ఏజెన్సీ ఒక్కొక్కరి దగ్గర దాదాపు 16 వేల డాలర్లు గుంజింది. అప్పటి మారకంలో ఆరేడు లక్షల రూపాయలు. అడిగిన తీరు గమనించాలి. మొదట ఇంటర్వ్యూకీ వీసాకీ అంటూ కొంత కట్టించుకున్నారు, అది తిరిగి రాదు. వీసా వచ్చాక, దానికి రెట్టింపు దాటిన రెండో మొత్తం బయటపెట్టారు. కట్టకపోతే మొదటిది పోయినట్టే, పాస్‌పోర్టు కూడా చేతికి రాదు. వడ్డీకి తెచ్చి కట్టారు. అది చాలదన్నట్టు రెండో ఏటి జీతంలోనూ వాటా రాయించుకున్నారు. వీళ్లంతా డిగ్రీలూ అనుభవమూ ఉన్న టీచర్లు, ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్లు. ఒప్పందం వాళ్లకు అర్థం కాక కాదు. అర్థమయ్యేసరికి వెనక్కి తిరిగే దారి మూసుకుపోయింది. 2010లో కోర్టుకెక్కితే 2012 డిసెంబరులో జ్యూరీ 45 లక్షల డాలర్లు చెల్లించాలని తీర్పు చెప్పింది. వలసల కోసం 1982 నుంచే ప్రత్యేక ప్రభుత్వ సంస్థ నడుపుతున్న దేశపు టీచర్లకే ఈ గతి పట్టింది. అలాంటి నీడ లేని మనవాళ్ల మాట చెప్పాలా?

ఏజెంటు మాత్రమే దోషి అనుకోవడానికీ లేదు. మేరీలాండ్‌లోని ప్రిన్స్ జార్జెస్ కౌంటీ ప్రభుత్వ బడుల వ్యవస్థ హెచ్-1బీ వీసా మీద రప్పించుకున్న టీచర్లతో, చట్టప్రకారం యజమాని కట్టాల్సిన ఫీజులను కట్టించింది. 2011లో అమెరికా కార్మికశాఖతో రాజీ కుదిరి 1,044 మందికి 42 లక్షల డాలర్లకు పైగా తిరిగి ఇచ్చింది. అంతవరకు న్యాయమే. దానితోపాటు రెండేళ్లపాటు కొత్త వీసాలకు, పొడిగింపులకు దరఖాస్తు చేయకుండా ఆ కౌంటీ మీద నిషేధం పడింది. దాంతో గడువు తీరుతున్న టీచర్లు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడటమంటే ఇదే. నష్టం జరిగాక పరదేశపు చట్టం ఆదుకుంటుందన్న ఆశ మీద బతకలేమని, బయలుదేరకముందే ఇక్కడ జాగ్రత్త పడాలని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించడంతో అమెరికా బడుల దారి మరింత ఇరుకైంది. దారి ఇరుకైనప్పుడే దళారికి గిరాకీ పెరుగుతుంది.

ఇక లిబియా. 2015 జులై చివర్లో సిర్త్ దగ్గర నలుగురు భారతీయ అధ్యాపకులు అపహరణకు గురయ్యారు. ఇద్దరు కర్ణాటకవారు రెండు రోజుల్లో విడుదలయ్యారు. మిగతా ఇద్దరు మన తెలుగువారు, ఇళ్లు హైదరాబాద్‌లో. వాళ్లు బయటపడింది 2016 సెప్టెంబరులో, పదమూడు నెలలు దాటాక. లిబియా ఆ 18 దేశాల జాబితాలో ఉన్న దేశమే. అక్కడికి తాపీ పనికి వెళ్లే పది పాస్‌కాని మనిషికి అనుమతి కావాలి, యూనివర్సిటీకి వెళ్లే ప్రొఫెసరుకు అక్కర్లేదు. తుపాకీ పట్టుకున్నవాడు పాస్‌పోర్టులో అచ్చు ఉందా లేదా అని చూడడు కదా.

కేంద్రానికి ఈ లోపం తెలియదా అంటే తెలుసు. 2018 నవంబరులో విదేశాంగశాఖ ఒక ప్రకటన చేసింది. అచ్చు లేని పాస్‌పోర్టుతో ఆ 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లేవారు 2019 జనవరి 1 నుంచి ప్రయాణానికి కనీసం 24 గంటల ముందు ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలని, లేకపోతే విమానం ఎక్కనివ్వబోమని దాని సారాంశం. గగ్గోలు పుట్టింది. నెల తిరక్కుండానే దాన్ని పక్కనపెట్టి, ఇష్టమైనవాళ్లు నమోదు చేసుకోవచ్చన్నారు. ఆ గగ్గోలులో న్యాయం ఉంది. సెలవుకు వచ్చి తిరిగి వెళ్లే టీచరును శంషాబాద్‌లో అర్ధరాత్రి ఆపేస్తే జీతం పోయేది ఆమెకే. ప్రభుత్వం జోక్యం చేసుకుంటే కొత్త క్యూలు, కొత్త చేతులు తడపడాలు పుట్టుకొస్తాయన్న భయం కూడా ఉత్తది కాదు. అందుకే భారం ప్రయాణికుల మీద కాకుండా, వారిని పంపే వ్యాపారం చేసేవారి మీద పడాలంటున్నాం. టీచరు అడగాల్సిన అనుమతి ఒక్కటీ పెరగకూడదు. టీచర్లను విదేశాలకు పంపుతామని బోర్డు పెట్టుకున్న ప్రతి కన్సల్టెన్సీ 1983 వలసల చట్టం కింద నమోదైన రిక్రూటింగ్ ఏజెంటై ఉండాలి. ఒప్పందాన్ని పోర్టల్‌లో పెట్టే పని ఆ ఏజెంటుదే కావాలి. నమోదైన ఏజెంటు ఉద్యోగార్థి నుంచి 30 వేల రూపాయలు, దానిమీద జీఎస్టీ మించి తీసుకోకూడదన్న నిబంధన ఎప్పటినుంచో ఉంది. అమీర్‌పేట నుంచి ప్యారడైజ్ దాకా కన్సల్టెన్సీలు ‘ప్రాసెసింగ్’, ‘డాక్యుమెంటేషన్’, ‘గైడెన్స్’ అని పేర్లు మార్చి ఆ గీత దాటకుండా చూస్తే సగం రోగం కుదురుతుంది.

రాష్ట్రం చేతిలో పనిముట్టు లేదనడానికి వీల్లేదు. తెలంగాణ ప్రభుత్వ రిక్రూటింగ్ సంస్థ టామ్‌కామ్ ఉంది, నర్సులకు జర్మన్, జపనీస్ నేర్పి పంపుతోంది. కేరళ ప్రభుత్వ సంస్థ నోర్కా 2021 డిసెంబరులో జర్మనీతో కుదుర్చుకున్న ‘ట్రిపుల్ విన్’ ఒప్పందంలో నర్సు పైసా కట్టదు. భాష నేర్పే ఖర్చుతో సహా పిలిచేవాళ్లే భరిస్తారు. నర్సు విషయంలో సాధ్యమైంది టీచరు విషయంలో ఎందుకు కాదు? సర్కారీ సంస్థ నత్తనడక నడుస్తుంది, ప్రైవేటు కన్సల్టెన్సీ వారంలో ఆఫర్ లెటర్ తెస్తుంది అంటారు. నిజమే. టామ్‌కామ్ ఒక్కటే టీచర్లందరినీ పంపలేదు, పంపక్కర్లేదు కూడా. డబ్బు తీసుకోకుండా ఏటా కొన్ని వందల మందిని పంపగలిగితే చాలు, బజారులో ఏది న్యాయమైన రేటో జనానికి తెలుస్తుంది. కామన్వెల్త్ దేశాలు 2004లో ఆమోదించిన ఉపాధ్యాయ నియామకాల ఒడంబడిక కూడా ఏజెన్సీలను నియంత్రించాలనే చెబుతోంది. అది చట్టబద్ధం కాకపోవచ్చు. అయినా బ్రిటన్, మాల్దీవులు, నైజీరియా, భారత్ అన్నీ కామన్వెల్త్ దేశాలే. బల్ల మీద పెట్టి మాట్లాడుకోవడానికి ఒక కాగితం చేతిలో ఉంది.

ఈలోగా చేయగల పని ఒకటి చాలా చిన్నది. ఇంగ్లండ్ ఉపాధ్యాయ అర్హతకు దరఖాస్తు అక్కడి ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉచితంగా చేసుకోవచ్చు. ఆ ముక్క తెలియనందువల్లే దానికి ఏజెంటుకు డబ్బు కట్టేవారుంటారు. పదో తరగతి మెమో నుంచి బీఈడీ ప్రొవిజనల్ దాకా ఒరిజినల్స్ అన్నీ ప్లాస్టిక్ ఫోల్డరులో పెట్టి కన్సల్టెన్సీ టేబుల్ మీద వదిలేయడం మన టీచర్లకు కొత్త కాదు. ఎన్నో ప్రైవేటు బడుల్లో కరస్పాండెంట్లు నేర్పిన అలవాటే అది. కుమ్మరిగూడ పాస్‌పోర్టు కార్యాలయంలోనూ, ప్రొటెక్టర్ కార్యాలయంలోనూ, ప్రతి బీఈడీ కాలేజీ నోటీసు బోర్డు మీదా తెలుగులో, ఉర్దూలో ఒక్క పేజీ అంటించాలి. ఏజెంటు పేరు ఈ-మైగ్రేట్‌లో ఉందో లేదో ఎలా చూడాలి, 30 వేలు దాటి అడిగితే ఏ నంబరుకు ఫోన్ చేయాలి అన్నది అందులో ఉండాలి. ఒరిజినల్ సర్టిఫికెట్ గానీ, పాస్‌పోర్టు గానీ రసీదు లేకుండా ఎవరి చేతిలోనూ పెట్టవద్దన్న మాట మాత్రం అన్నిటికంటే పైన, పెద్ద అక్షరాల్లో ఉండాలి.