చిలకలపూడి బంగారమూ, పాత కారూ

చిలకలపూడి పేరు వినగానే తెలుగువారికి రెండు జ్ఞాపకం వస్తాయి. ఒకటి పాండురంగస్వామి కోవెల; రెండవది గిల్టు నగ. రాగిమీద పలుచగా బంగారం పొదిగి, మేలిమి నగకు ఏమాత్రం తీసిపోని నిగనిగలతో గాజులూ గొలుసులూ తీర్చే పనివారు ఈ ఊరి పేరును దూరదేశాలకు చేర్చారు. కాని లోకంలో "చిలకలపూడి బంగారం" అనే మాట నకిలీకి మారుపేరై నిలిచిపోయినది. ఇది ఆ పనివారికి జరిగిన అన్యాయమే. చిలకలపూడి పనివాడు గిల్టును గిల్టుగానే అమ్మినాడు. గిల్టు ధరకే అమ్మినాడు. కొన్న ఇల్లాలు కూడా తెలిసే కొన్నది. పైన బంగారం, లోపల రాగి అని ఇద్దరికీ తెలిసిన బేరంలో మోసమెక్కడిది? లోపలి లోహమేదో అమ్మేవాడికి మాత్రమే తెలిసిన బేరంలోనే అసలు మోసానికి చోటున్నది. అట్టి బేరాలలో నేడు సామాన్య సంసారిని ఎక్కువగా చిక్కున పడవేసేది పాత కారు బేరం.

బందరు ప్రాంతంలో పనిచేసే ఒక ఉపాధ్యాయుణ్ణి ఊహించుకొనవచ్చును. పెళ్లయిన కొత్తలో అతనికి స్కూటరు చాలినది. మొదటి బిడ్డ ముందు నిలుచున్నది. రెండవ బిడ్డ తల్లి ఒడిలో ఒదిగినది. మూడవ బిడ్డ కలిగిన తరువాత, గుడివాడలో ఒంటరిగా ఉంటున్న తల్లిగారు కూడా కొడుకు దగ్గరకే చేరినప్పుడు స్కూటరు చేతులెత్తివేసినది. కార్తికంలో పాండురంగని తిరునాళ్లు ఉన్న ఊళ్లోనే గనుక నడిచిపోవచ్చును. పౌర్ణమినాటి మంగినపూడి సముద్రస్నానానికి ఆటో కుదుర్చుకొనవచ్చును. కాని సంక్రాంతికి చల్లపల్లి మీదుగా అవనిగడ్డకు, అత్తవారింటికి, మూటాముల్లెతో పోయి, తిరిగివచ్చేటప్పుడు కొత్తబియ్యం బస్తా, అరిసెల డబ్బా తెచ్చుకోవాలంటే? భార్యాభర్తలు, ముగ్గురు పిల్లలు, తల్లిగారు: మొత్తం ఆరుగురు. సామాన్యమైన కారుకు సీట్లు అయిదు. ఎంత గొప్ప లెక్కల మాస్టారు భాగించినా ఇక్కడ శేషం ఒకటి మిగులుతుంది. పెరిగే సంసారమంటే పిల్లలు పెరగడమే అనుకొంటారు గాని, పెద్దలు వచ్చి చేరడం కూడా పెరగడమే.

ఇట్టి సంసారాల కోసమే పాశ్చాత్యులు ఒక జాతి కారును తయారు చేసుకొన్నారు. దానిని ఇంగ్లండులో ఎస్టేటు కారు అనీ, అమెరికాలో స్టేషన్ వేగన్ అనీ అంటారు. రైలు దిగిన అతిథులనూ, వారి పెట్టెలనూ ఒకే బండిలో ఇంటికి చేర్చడం దాని మొదటి ఉద్యోగం. పైకప్పు వెనుకదాకా సాగి, డిక్కీ వేరుగా మూతపడక కారు గదిలోనే కలిసిపోతుంది. వెనుక సీటు మడిస్తే బియ్యం బస్తాలు పట్టే జాగా ఏర్పడుతుంది. నడక మాత్రం మామూలు కారు నడకే, జీపులవలె కుదిపివేయదు, నేల ఎత్తు తక్కువ గనుక మోకాళ్ల నొప్పుల ముసలమ్మగారు సైతం ఇబ్బంది లేకుండా ఎక్కగలదు.

ఇంత ఉపకారం చేసే బండి మన దేశంలో ఎందుకు బతకలేదు? 1992లో టాటావారు ఎస్టేట్ అనే పేరుతోనే ఒక కారును విపణిలో ప్రవేశపెట్టారు. తరువాత మారుతివారి బలెనో ఆల్టురా, ఓపెల్ వారి కోర్సా స్వింగ్ వచ్చాయి; 2004లో టాటావారిదే ఇండిగో మెరీనా వచ్చినది. ఏ ఒక్కటీ నిలదొక్కుకొనలేదు. మొదటి కారణం మన డాంబికం. వెనుక డిక్కీ పొడుచుకొని వస్తేనే అది పెద్దమనుషుల కారని, లేకపోతే అంబులెన్సు వలె ఉన్నదని చాలామంది భావించారు. బియ్యం బస్తాలు మోయడం అవసరమే గాని, మోస్తున్నట్టు కనబడడం నామోషీ! రెండవ కారణం పన్ను. 2006 బడ్జెటులో, పొడవు 4 మీటర్లు మించకుండా, పెట్రోలు ఇంజను 1,200 సి.సి. లోపు గాని, డీజిలు ఇంజను 1,500 సి.సి. లోపు గాని ఉన్న కార్లకు ఎక్సైజు సుంకం 24 నుంచి 16 శాతానికి తగ్గించారు. అంతట కంపెనీలు కార్లకు తోకలు కత్తిరించసాగాయి. 2008లో ఇండిగోనే కురుచ చేసి అమ్మారు. 2025 సెప్టెంబరు 22న వచ్చిన జి.ఎస్.టి. మార్పులలోనూ ఆ కొలబద్దే నిలిచినది: చిన్న కారుకు 18 శాతం, దానిని మించినదానికి 40. పొడవే ప్రాణమైన ఎస్టేటు కారుకు పొడవే నేరమైనది.

కాబట్టి నేడు ఎస్టేటు కారే కావాలని పట్టుబట్టేవాడికి దొరికేది ఏ పాత మెరీనాయో మాత్రమే. దాని వయస్సు 15 ఏళ్లు దాటి ఉంటుంది గనుక తనిఖీ చేయించి మళ్లీ రిజిస్టరు చేయించాలి. ఆ రుసుమును 2022 ఏప్రిల్ నుంచి 600 రూపాయలనుంచి 5,000కు పెంచారు. విడిభాగాలకు విజయవాడ ఆటోనగరులో దుకాణం దుకాణం తిరగాలి. అంతకన్న, ఎస్టేటు చేయవలసిన పనిని వేరొక రూపంలో చేస్తున్న బండ్లను వెదకడం మేలు: 2012లో వచ్చిన ఎర్టిగా, 2019లో వచ్చిన ట్రైబరు. వీటిలో ఆరవవాడికీ ఏడవవాడికీ సీటున్నది, సీటుకు బెల్టున్నది. ఏడుగురూ కూర్చున్నప్పుడు సామానుకు మిగిలే చోటు స్వల్పమన్నది నిజమే. ఆ సామాను బస్సు పార్సిలులో వేసినా రాగలదు. పిల్లవాణ్ణి అట్లా పంపలేము గదా.

ఈ మాట ఊరక అన్నది కాదు. అయిదు సీట్ల కారు కొన్న ఆరుగురి సంసారాలలో శేషం సర్దుబాటయ్యే చోటు డిక్కీయే. పిల్లలను అందులో కూర్చోబెట్టడం, వారు వెనుక అద్దంలోనుంచి చేతులూపడం, అది చూచి పెద్దలు మురిసిపోవడం అందరూ ఎరిగినదే. ఆ చోటు సామాను కోసం చేసినది. అక్కడ బెల్టు లేదు, తల ఆనించే దిండు లేదు. వెనుకనుంచి లారీ తాకితే మొదట నలిగేది అదే. భౌతికశాస్త్రం చెప్పే ఉపాధ్యాయులకు లెక్క తెలియనిది కాదు: గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు గోడను కొడితే, బెల్టు లేని మనిషికి అది సుమారు 10 మీటర్ల ఎత్తునుంచి పడడంతో సమానం. మూడంతస్తుల మేడ అంచున బిడ్డను ఏ తల్లీ కూర్చోబెట్టదు; కారు డిక్కీలో కూర్చోబెడుతున్నది! 2022 సెప్టెంబరు 4న మహారాష్ట్రలోని పాల్‌ఘర్ వద్ద పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ మరణించినది ఖరీదైన కారులోనే. వెనుక సీటులో బెల్టు పెట్టుకొనలేదని పోలీసులు చెప్పారు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం, 14 ఏళ్లలోపు పిల్లలకు బెల్టుగాని, పిల్లల ప్రత్యేకాసనంగాని లేకుండా కారు నడిపితే వెయ్యి రూపాయల జరిమానా విధించినది.

అందువల్ల పాత కారు కొనేవారు తయారైన సంవత్సరాన్ని ధర కోసమే గాక, ప్రాణం కోసం కూడా చూడాలి. డ్రైవరు వైపు ఎయిర్ బ్యాగు 2019 జూలై నుంచి తప్పనిసరి అయినది. ఢీకొట్టినప్పుడు లోపలివారికి రక్షణ ఎంత ఉండాలో చెప్పే నిబంధనలు అదే సంవత్సరం అక్టోబరునాటికి అన్ని కార్లకూ వర్తించాయి. మారుతి ఓమ్ని తయారీ ఆగిపోయినది కూడా ఆ 2019లోనే. ఎనిమిదిమందిని ఎక్కించుకొనే చవక బండి అని ఎందరో దానిని ప్రేమించారు. డ్రైవరు మోకాళ్లకు ముందు రేకు తప్ప మరేమీ లేదన్న సంగతి ఆ ప్రేమలో మరుగున పడినది.

ఇక లోపలి లోహం సంగతి. సముద్రతీరపు ఊళ్లలో ఉప్పుగాలి రేకును తినివేస్తుంది. తలుపుల దిగువ అంచులలో, చక్రాల గూళ్లలో, అడుగు రేకులో తుప్పు మొదలై ఉంటే పైన ఎన్ని పూతల రంగు వేసినా అది గిల్టే. అంతకన్న ప్రమాదకరమైనది వరద నీటిలో మునిగిన కారు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ పరిసరాలు రోజుల తరబడి నీటిలో ఉన్నప్పుడు ఇళ్ల ముందున్న వాహనాలు కూడా మునిగినవి. 2015లో చెన్నైలో, 2020లో హైదరాబాదులో ఇదే కథ. మరమ్మతు ఖర్చు బీమా విలువలో 75 శాతం దాటితే బీమా కంపెనీ కారును పూర్తిగా నష్టపోయినట్టే లెక్కకట్టి సొమ్ము చెల్లిస్తుంది. మిగిలిన శకలం వేలంలో అమ్ముడుపోతుంది. దానిని కొన్నవాడు కడిగి, ఆరబెట్టి, అత్తరు చల్లి మళ్లీ బజారులో నిలబెడితే చూచేవాడికి ఏమి తెలుస్తుంది?

తెలుసుకొనే మార్గాలున్నాయి. సీటు బెల్టును చివరిదాకా లాగితే చుట్టలోని పట్టీపై నీటి మరక గీతలాగా కనబడుతుంది. సీటు కింది పట్టాలలో, స్టెప్నీ గుంటలో ఒండ్రు మిగిలి ఉంటుంది. కార్పెట్టు ఎత్తి వాసన చూడాలి. హెడ్‌లైటు అద్దం లోపల మసక పట్టినదేమో చూడాలి. మీటరు చూపే కిలోమీటర్లు తక్కువై, బ్రేకు పెడలు రబ్బరు మాత్రం అరిగిపోయి ఉంటే మీటరును నమ్మనక్కరలేదు. ఇవన్నీ చూడడానికి కావలసినది ఒక మెకానికు, అతనికిచ్చే కూలి, అన్నిటికన్న ముఖ్యంగా పగటి వెలుతురు. దీపాల కింద కారు చూపిస్తామనేవాడి దగ్గరకు పోకపోవడం ఉత్తమం.

కాగితాల విషయంలో చదువుకొన్నవారే ఎక్కువ అలసత్వం చూపుతారన్నది వింత. "పేరు మార్పు నెమ్మదిగా చేయించుకొందాం లెండి మాస్టారూ" అని అమ్మినవాడు అంటాడు. కొన్నవాడూ సరే అంటాడు. నష్టం ఇద్దరికీ. అట్లా చేతులు మారి, రికార్డులో పేరు మారని ఒక కారు చేసిన ప్రమాదపు వ్యాజ్యంలో, నమోదైన యజమానియే బాధ్యుడని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఒకే రాష్ట్రంలో అయితే అమ్మినవాడు 14 రోజులలో, కొన్నవాడు 30 రోజులలో రవాణా శాఖకు తెలుపవలెను. ఫారాలు 29, 30 అందుకోసమే. బీమా పత్రంపైన పేరు కూడా 14 రోజులలో మార్పించుకొనాలి; లేకుంటే ఇతరులకు జరిగిన నష్టం సంగతి ఎట్లున్నా, తన కారు దెబ్బతిన్నప్పుడు కంపెనీ ముఖం చాటువేయగలదు. కారుమీద పాత అప్పు ఉంటే బ్యాంకు ఇచ్చే ఫారం 35 లేనిదే బయానా ఇవ్వరాదు.

అమ్మేవారికీ ఒక ధర్మమున్నది. కారు మునిగినదీ, గుద్దుకొన్నదీ చెప్పి, తగిన ధర తగ్గించి అమ్మితే కొనేవాడు దొరకడని భయం. గిల్టు నగకు కొనేవారు దొరకలేదా? చిలకలపూడి వీథులలో తరతరాలుగా ఆ బేరం సాగింది. ఈనాడు పోతేపల్లి జ్యువెలరీ పార్కులోనూ సాగుతున్నది.

మన ఉపాధ్యాయుడు ఒక ఆదివారం ఉదయం విజయవాడకు పోయి రెండు ఎర్టిగాలు చూచినాడనుకొందాం. ఒకటి అద్దంలా మెరుస్తున్నది. సీట్లకు కొత్త తొడుగులు. రెండవదాని తలుపుమీద స్కూటరు గీసిన చార, వెనుక సీటుపై పిల్లలు ఒలకబోసిన పాల మరకలు. వెంట వచ్చిన ముసలి మేస్త్రి మెరిసే కారు సీటు కిందికి చేయి పోనిచ్చి, వేళ్ల చివర అంటిన ఎండు ఒండ్రును చూపి, "మాస్టారూ, ఇది మన కాలవ మట్టి కాదండీ" అన్నాడు. రెండవ కారు యజమాని సర్వీసు బిల్లుల కట్ట తెచ్చి బానెట్టుమీద పెట్టినాడు. ఉపాధ్యాయుడు కళ్లజోడు సవరించుకొని మొదటి బిల్లునుంచి తేదీలు చదవడం మొదలుపెట్టినాడు.