కొత్త నాటకమునకు ప్రేక్షకులేరీ?

కన్యాశుల్కమునకు నేడు చేతులు జోడించు మనము, 1892లో విజయనగరమున జగన్నాథ విలాసినీ సభవారు ప్రదర్శించిననాడు అదియు కొత్త నాటకమే యని మరచుచున్నాము. 1897లో అచ్చైన ఆ కృతిని గురజాడవారు 1909 నాటికి పునఃసృష్టి యనదగినంతగా పెంచి మార్చిరి; తొలిరూపమును ఆదరించి చూచినవారే లేకున్నచో మలిరూపమునకు వారు పూనుకొనియుందురా యని నా సందేహము.

నేటి రచయిత నాటక పరిషత్తు పోటీల గడియారమునకు లోబడి కథను కుదించి, న్యాయనిర్ణేతల మెప్పునకై చివరి రంగమును కన్నీటితో ముంచుచున్నాడన్న నింద కొంత నిజమే. కాని పద్యనాటకమునకు ‘వన్స్‌మోర్’ కొట్టిన మనము, ఉచిత ప్రదర్శనమునకైనను పోక, ఖాళీ కుర్చీల యెదుట అతనినుండి సాహసమును కోరుట న్యాయమా? పోయి చూడుడు, నచ్చనిచో, ఏ రంగము కుంటువడినదో తెరవెనుకకు వెళ్లి అతనితోనే చెప్పుడు.