కరెంటు బిల్లు మోత.. ఐటీ కారిడార్ ఫ్లాట్లకు సోలార్ దక్కేదెలా?

ఫ్రీ కరెంటుకు అర్హత లేదు.. సోలార్ పెట్టుకుందామంటే సొంత పైకప్పు లేదు. మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ఫ్లాట్లలో అద్దెకుంటున్న చాలామంది ఐటీ ఉద్యోగుల పరిస్థితి ఇదే.

గృహజ్యోతి కింద 2024 మార్చి నుంచి 200 యూనిట్ల వరకు జీరో బిల్లు వస్తోంది. కానీ తెల్ల రేషన్ కార్డు ఉండాలి. అది లేనివాళ్లు ఏసీ వేసి నెలకు 200 దాటితే స్లాబే మారిపోతుంది. 2022 ఏప్రిల్ టారిఫ్ ప్రకారం అప్పుడు తొలి 200 యూనిట్లకు రూ.5.10 చొప్పున, తర్వాతి వందకు రూ.7.70 చొప్పున పడుతుంది. అంటే 300 యూనిట్లు కాలిస్తే ఎనర్జీ ఛార్జీలే రూ.1,790.

మరి సోలార్? 3 కిలోవాట్ల ప్లాంటుకు పీఎం సూర్యఘర్ కింద రూ.78 వేల సబ్సిడీ ఉంది. అయితే ప్యానెళ్లు పెట్టుకునే పైకప్పుతో సొంత ఇల్లు ఉండాలి. అపార్ట్‌మెంట్ సంఘాలకూ కిలోవాట్‌కు రూ.18 వేలు ఇస్తారు. కానీ అది లిఫ్టు, మోటార్లు, కారిడార్ లైట్ల లాంటి ఉమ్మడి అవసరాలకే. మెయింటెనెన్స్ తగ్గొచ్చేమో గానీ, ఫ్లాట్ మీటర్ మాత్రం అలాగే తిరుగుతుంది.

దీనికి ఒక దారి వర్చువల్ నెట్ మీటరింగ్. అంటే ఒకేచోట తయారైన సోలార్ యూనిట్లను వాటాల ప్రకారం ఒక్కో ఫ్లాట్ బిల్లులో తగ్గించడం. ఢిల్లీ 2019లోనే దీనికి మార్గదర్శకాలు ఇచ్చింది.

2025 జనవరిలో తెచ్చిన క్లీన్ అండ్ గ్రీన్ ఎనర్జీ పాలసీలో తెలంగాణ సర్కార్ 2030 నాటికి అదనంగా 20 వేల మెగావాట్ల టార్గెట్ పెట్టుకుంది. అందులో ఫ్లాట్లవాళ్లకూ వాటా దక్కితేనే చౌక కరెంటు వాళ్ల మీటర్ దాకా వస్తుంది.