కారు ఒక పక్కకి ఒరిగితే తప్పెవరిది?

మా కారు ముందు ఎడమ చక్రం దగ్గర కిందికి కుంగినట్టు మొదట కనిపెట్టింది ఎదురింటి పిన్నిగారు. పొద్దున్నే ముగ్గు వేస్తూ, "ఏమ్మా, మీ కారేమిటి ఒక పక్కకి ఒరిగినట్టుంది?" అన్నారు. లోపలికొచ్చి మావారికి చెబితే, పేపర్లోంచి తల ఎత్తకుండానే "నువ్వు కూర్చునే పక్కేగా! కుంగదూ మరి?" అన్నారు. ఇంట్లో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఒకసారైతే సరే. ఆ తర్వాత ఏ పెళ్లికెళ్లినా, ఏ పేరంటానికి దిగబెట్టినా, నలుగురిలో అదే మాట. చివరికి ముందు కూర్చుంటే ఎండ కొడుతోందని సాకు చెప్పి నేను వెనక సీటుకి చేరాను. విచిత్రమేమిటంటే, నేను వెనక్కి మారినా కారు మాత్రం లేవలేదు!

ఈలోగా మావారు ఇంటి దగ్గరి మెకానిక్కుకి చూపిస్తే, "షాకబ్జార్బర్లు పోయాయి సార్" అని ముందువి రెండూ మార్చాడు. ఆరు వేల చిల్లర అయింది. గతుకుల్లో ఊగడం తగ్గింది గానీ ఒరుగు అలాగే ఉంది. "పాత బండి కదా, కొంచెం ఉంటుందిలెండి" అన్నాడు. మావారూ ఊరుకున్నారు.

నేనూ ఊరుకునేదాన్నేమో. కానీ మా అమ్మాయికి ఏడో నెల వచ్చింది. పురిటికి తీసుకురావడానికి విజయవాడ నుంచి రాజమండ్రి వెళ్లాలి. పోను నూట యాభై కిలోమీటర్లు, రాను అంతే. పైగా పది రోజులుగా స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడల్లా ముందు ఎడమ వైపు నుంచి "టక్" మని చప్పుడు. కడుపుతో ఉన్న పిల్లని అలాంటి బండిలో ఎక్కించుకురావడానికి నా మనసొప్పలేదు. మధ్యాహ్నం అందరూ పడుకున్నాక కుట్టుమిషను దగ్గరి టేపు తీసుకుని కారు దగ్గరికి వెళ్లాను. జాకెట్టు కొలిచే టేపుతో కారు కొలవడమేమిటని నవ్వకండి. ఆ టేపే నా పరువు నిలబెట్టింది.

మీ ఇంట్లో కారుంటే మీరూ ఇలా చూసుకోవచ్చు. డ్రైవింగు రానక్కర్లేదు.

ముందుగా నేల సంగతి తేల్చుకోవాలి. వాన నీళ్లు పోవడానికి రోడ్డు అంచు వైపు వాలుగా వేస్తారు. ఇంటి వాకిలి కూడా గేటు వైపు వాలుతుంది. కారుని ఒకసారి ఉన్నచోటే చూసి, తర్వాత ముఖం అటుదిటు తిప్పి అదే చోట పెట్టించండి. మొదట ఎడమకి ఒరిగింది ఈసారి కుడికి ఒరిగితే తప్పు నేలది. ఎలా తిప్పినా ఎడమ పక్కే కుంగితే తప్పు కారుది.

రెండోది, డిక్కీలో ఒక మూలన బియ్యం బస్తానో, మరిచిపోయిన పాత సామానో ఉందేమో చూసి దింపేయండి. మూడోది గాలి. టైర్లు చల్లగా ఉన్నప్పుడు నాలుగింటిలోనూ చూపించాలి. ఎంత ఉండాలో చాలా కార్లకి డ్రైవరు తలుపు తీస్తే పక్క స్తంభం మీద చీటీ అంటించి ఉంటుంది. నాలుగు టైర్లూ ఒకే సైజువేనా అన్నది కూడా చూడాలి. ఎప్పుడో పంక్చరైతే వేసిన స్టెప్నీ వేరే సైజుది అయి, అలాగే ఉండిపోయినా ఎత్తు తేడా వస్తుంది.

ఇవన్నీ సరిగ్గా ఉంటే అప్పుడు టేపు తీయండి. కారులో ఎవరూ ఉండకూడదు. ప్రతి మూలా చేత్తో రెండుసార్లు కిందికి నొక్కి వదిలితే అది తన చోటికి సర్దుకుంటుంది. ఆ తర్వాత చక్రం నడిమధ్య నుంచి నిటారుగా పైకి, మడ్‌గార్డు అంచుదాకా కొలవాలి. చక్రం మధ్య నుంచి కొలిస్తే టైరులో గాలి తేడా లెక్కలోకి రాదు. నాలుగు కొలతలూ కాగితం మీద రాసుకోండి. కుడి ఎడమల మధ్య అర అంగుళం లోపు తేడా ఉంటే కంగారు పడనక్కర్లేదు. అంగుళం దాటితే మాత్రం కారు కింద ఏదో ఉన్నట్టే. మా కారుకి వెనక రెండూ సమానం. ముందు ఎడమ మాత్రం కుడికన్నా అంగుళంపావు తక్కువ!

ఆ కాగితం మావారి ముందు పెట్టి, "ఏవండీ, నేను దిగి నాలుగు నెలలైంది. ఇంకా ఎవరు కూర్చున్నారు ఆ సీట్లో?" అన్నాను. ఆయనేమీ మాట్లాడలేదు. మర్నాడు ఆటోనగర్ బయల్దేరదీశారు. నేనూ వెళ్లాను.

అక్కడ ఒక పెద్దాయన నా కాగితం చూసి, "టేపు పట్టి తెచ్చినవాళ్లని ఇన్నాళ్లలో చూళ్లేదమ్మా" అని కారు జాకీ మీద లేపి, కింద స్టాండు పెట్టి, చక్రం విప్పారు. స్ప్రింగు అడుగు చుట్ట విరిగి ఉంది. విరిగిన కొస టైరు వైపుకి తిరిగి, టైరు లోపలి గోడ మీద గీత కూడా పెట్టేసింది. "ఇంకొన్నాళ్లు తిరిగితే రోడ్డు మీదే టైరు కోసేసేదమ్మా" అన్నారాయన. ఆ గీత మీద వేలు పెట్టి చూశాను. లోపలి పక్క కాబట్టి చక్రం విప్పేదాకా ఎవరికీ కనబడలేదు. మా అమ్మాయి మొహమే కళ్ల ముందు మెదిలింది.

మరి మొదటి మెకానిక్కు షాకబ్జార్బర్లు మార్చినా ఎందుకు లేవలేదంటారా? పెద్దాయన చెప్పింది నాకర్థమైనట్టు చెబుతాను. బరువు మోసేది స్ప్రింగు. షాకబ్జార్బరు ఆ ఊపుని ఆపుతుందంతే. ఉయ్యాల బరువంతా మోసేది తాడు, ఊపు ఆపేది మన చెయ్యి. తాడు ఒక పక్క సాగితే ఎన్ని చేతులు మార్చినా ఉయ్యాల సమం కాదు కదా! అందుకే కారు బాగా ఊగుతుంటే షాకబ్జార్బరు, ఒరిగితే ముందు స్ప్రింగు చూడమనాలి. దాంతోపాటు స్ప్రింగు కూర్చునే రబ్బరు, పై మౌంటు, బుష్షులూ చూడమనాలి. అడుగు చుట్ట దగ్గర బురదా నీళ్లూ నిలిచి, రంగు లేచిపోయి, తుప్పు పట్టి విరగడం తరచూ జరిగేదేనట. 2014లో తయారీ ఆగిపోయిన అంబాసిడర్ లాంటి పాత బళ్లకి వెనక కమాన్ కట్టలుంటాయి. వాటిలో పట్టీ విరిగినా, కుంగినా ఇదే తంతు.

స్ప్రింగులు ఎప్పుడూ జతగానే మార్పించాలి. ఒక కాలికి కొత్త చెప్పు, ఇంకో కాలికి అరిగిన చెప్పు వేసుకుని నడిస్తే ఎలా ఉంటుంది? కారు ఈసారి రెండో పక్కకి ఒరుగుతుంది. ముందుదైతే ముందువి రెండూ, వెనకదైతే వెనకవి రెండూ, ఆ మోడలుకి చెందినవే వేయించాలి. బుష్షుల బోల్టులు విప్పి ఉంటే, కారు చక్రాల మీద నిలబడ్డాకే చివరి బిగింపు బిగించమనండి. గాలిలో ఉండగా బిగిస్తే రబ్బరు మెలిపడి తొందరగా పోతుంది. ముందు వైపు పని అయ్యాక వీల్ అలైన్‌మెంటు తప్పనిసరి. అది చేయించకపోతే కొత్త టైర్లు కూడా ఒక పక్కే అరుగుతాయి. మేము కోసుకున్న టైరు కూడా మార్చేశాం. అక్కడ పిసినారితనం పనికిరాదు.

ఇక చేయకూడనివి. కుంగిన స్ప్రింగు చుట్టల మధ్య రబ్బరు ముక్క దూర్చి లేపుతామంటారు కొందరు. స్ప్రింగు విరిగి ఉంటే అది పుండు మీద పౌడరు రాయడమే. ఇంట్లో మగవాళ్లు ఉత్సాహపడి స్ప్రింగు తామే విప్పుతామంటే ఒప్పుకోకండి. అది నొక్కిపెట్టి ఉన్న బలం, పట్టు తప్పితే బాణంలా ఎగిరి మనిషిని తీసేస్తుంది. దానికి వేరే పనిముట్టు ఉంటుంది, అలవాటైన చెయ్యి కావాలి. ఒట్టి జాకీ మీద నిలబెట్టిన కారు కిందికి ఎవరినీ దూరనివ్వకండి. ఒరుగుతోపాటు చప్పుడు కూడా ఉంటే దూర ప్రయాణం వాయిదా వేసుకోండి.

సాయంత్రానికి పనైపోయింది. నేను మళ్లీ టేపు పెట్టి కొలిచాను. రెండు పక్కలా సమానం. పెద్దాయన నవ్వి, "మీ ఆవిడగారు చెప్పకపోతే ఇది దార్లో బయటపడేది సార్" అన్నారు. మావారు డబ్బులిచ్చి వచ్చి, ఏమీ అనకుండా ముందు ఎడమ తలుపు తీసి పట్టుకున్నారు. నేను కూడా ఏమీ అనకుండా కూర్చున్నాను.

తర్వాతి ఆదివారం అమ్మాయిని తీసుకొచ్చాం. మా వియ్యపురాలు సాగనంపుతూ, "ముందు మీరు కూర్చుంటారా?" అని అడిగింది. మావారే అందుకుని, "ఆవిడ సీటు అదేనండీ" అన్నారు. మా ఇంట్లో ఆ పాత జోకు మళ్లీ వినపడలేదు.

ఇంట్లో ఏ వస్తువు ఒరిగినా, ఏ చప్పుడు తేడాగా వినిపించినా ముందుగా కనిపెట్టేది మనమే కదా. నవ్వేస్తారేమోనని ఊరుకోకండి. ఒకసారి కొలిచి, కాగితం మీద రాసి చూపించండి. కాగితాన్ని చూసి ఎవరూ నవ్వలేరు!