హిసాబ్ చిప్పుకి ముందు ఒక హిసాబ్

మా భాంజా అటక మీంచి పాత 386 కంప్యూటర్ దింపి, బాగు చేసి, ఆన్ చేశాడు. మాషాఅల్లా అన్నాను. ఇప్పుడు దానికి మ్యాథ్ కోప్రాసెసర్ కావాలని వాళ్లమ్మ దగ్గర జిద్ చేస్తున్నాడు. "కొనివ్వాలా, వద్దా?" అని ఆపా నన్నడిగింది.

ముందు దాంతో ఏం పని చేస్తాడో అడగమన్నాను.

పూర్ణసంఖ్యల లెక్కలు 386కి బాగానే వచ్చు. దశాంశాలతోనే ముష్కిల్. మా ఉర్దూ మీడియం బడిలో వాటిని ఆశారియా అనేవాళ్లం. ఒక్క దశాంశ లెక్కని ప్రోగ్రామ్ ఎన్నో మెట్లుగా విడగొట్టి చేయించాలి. పక్కన 387 చిప్ ఉంటే ఆ భారం అది మోస్తుంది, దుకాణంలో మున్షీ లాగా. హిసాబే లేని దుకాణంలో మున్షీకి ఏం పని? ఉత్తరాలు టైపు చేసుకోడానికి దానివల్ల ఫాయిదా లేదు. ఆటోక్యాడ్‌లోనో, దశాంశాలు నిండిన పెద్ద స్ప్రెడ్‌షీట్‌లోనో అయితే ఫరక్ తెలుస్తుంది.

జరూరత్ ఉందనుకుంటే, 386డీఎక్స్‌కి 387డీఎక్స్, 386ఎస్‌ఎక్స్‌కి 387ఎస్‌ఎక్స్ తీసుకోవాలి. ఒకదాని సాకెట్లో రెండోది కూర్చోదు. ప్రాసెసర్ 33 మెగాహెర్ట్జ్‌ది అయితే చిప్ కూడా 33కి తగ్గకూడదు. ఇంటెల్‌దే కావాలనేం లేదు. సైరిక్స్ చిప్ అదే సాకెట్లో కూర్చుని, చాలా లెక్కలు ఇంకా తేజ్‌గా చేస్తుంది. వైటెక్ జోలికి మాత్రం పోవద్దు. దానికి సాకెట్ వేరు, ప్రోగ్రాములూ దాని కోసం రాసినవే కావాలి. పెట్టేటప్పుడు చిప్ మూలనున్న గుర్తు, సాకెట్ గుర్తు కలిశాయో లేదో చూడాలి. తిప్పి పెడితే కాలిపోవచ్చు. ఇక మీ ఇంట్లో ఉన్నది 486డీఎక్స్ అయితే ఒక్క పైసా తీయకండి. 1989లో వచ్చిన ఆ ప్రాసెసర్‌లో లెక్కల భాగం లోపలే ఉంది.

ఆపా అడిగింది. పిల్లాడు టర్బో సిలో మాండెల్‌బ్రాట్ బొమ్మ గీసే ప్రోగ్రామ్ తనే రాశాడట. ఒక్కో బొమ్మకి గంటలు పడుతోందట. అదంతా ఆశారియా లెక్కే. కోప్రాసెసర్ ఉంటే టర్బో సి దాన్నే వాడుకుంటుంది కూడా.

"అయితే కొనివ్వు ఆపా" అన్నాను.

వలీమాలో ఇంకో దేగ్ బిర్యానీ ఎక్కిస్తే మన ఇళ్లలో ఎవరూ హిసాబ్ అడగరు. పిల్లాడు నేర్చుకోడానికి ఏదైనా అడిగితే మాత్రం వెంటనే ఫిజూల్ ఖర్చీ అనేస్తాం. ఎందుకని అడగాల్సిందే. పిల్లాడి జవాబులో పని కనిపిస్తే పైసలు తీయాల్సిందే.