"వయసైపోయింది" అని వదిలేయకండి

అమ్మ ఈమధ్య ఎప్పుడూ నీరసంగా ఉంటోందా? ఎండ కాస్తున్నా చలి అంటోందా? తిండి పెరగకపోయినా ఒళ్లు బరువెక్కడం, ముఖం ఉబ్బడం, గొంతు బొంగురుపోవడం, మలబద్ధకం, మతిమరుపు... వీటన్నిటికీ మన ఇళ్లలో ఒకటే మాట, "వయసైపోయింది". ఆసుపత్రిలోనూ చాలాసార్లు అదే మాట, చేతిలో నాలుగు బలం మాత్రలు.

తమ్ముడూ, చెల్లీ! ఇవి థైరాయిడ్ మందగించిన గుర్తులు కావచ్చు. అది ఎక్కువ పనిచేస్తే గుండెదడ, చేతుల వణుకు, బరువు తగ్గడం ఉంటాయి. పెద్దవాళ్లలో ఒకటో రెండో గుర్తులే కనిపించొచ్చు. వయసా, థైరాయిడా అని తేల్చడానికి ముందు చేయాల్సింది టీఎస్‌హెచ్ రక్తపరీక్ష.

వానలకు కొండనేలల్లో అయోడిన్ కొట్టుకుపోతుంది. అందుకే గొంతు ముందు వచ్చే వాపు, గాయిటర్, కొండ ప్రాంతాలకు కొత్త కాదు. దానిమీద కేంద్రం 1962లోనే జాతీయ కార్యక్రమం పెట్టింది. అయోడిన్ ఉప్పు అవసరమే. కానీ ఆ ఉప్పు తింటున్నా థైరాయిడ్ జబ్బు రావచ్చు. ఉప్పు ప్యాకెట్‌తో సర్కారు బాధ్యత తీరిపోదు. ఒక రోజు కూలి పోగొట్టుకుని, ఆటో కట్టుకుని పట్నం ల్యాబ్‌కి పోలేకే ఎందరో అమ్మలు ఆగిపోతున్నారు. రక్తం మన పీహెచ్‌సీలోనే తీయాలి, రిపోర్టు అక్కడికే రావాలి.

ఈ వారమే అమ్మలో వచ్చిన మార్పులు, ఎప్పట్నుంచో కాగితం మీద రాయండి. డాక్టర్‌కి చూపించి టీఎస్‌హెచ్ చేయించమని అడగండి. "ఇక్కడ లేదు" అంటే ఎందుకు లేదో గ్రామసభలో నిలదీయండి. థైరాక్సిన్ మాత్ర రాస్తే పొద్దున్నే పరగడుపున, టీకి అరగంట ముందైనా వేయాలి. డాక్టర్ చెప్పకుండా ఆపొద్దు.

అమ్మ అడగదు. మనమే అడగాలి.