ముద్దుపేరు ఇంటికి, అసలు పేరు కాగితానికి

మగపిల్లాడికి ‘పండు’ అనో ‘చిన్నా’ అనో రికార్డులోనే పేరు రాయించేయొచ్చా? మా అప్ప కొడుకు పుట్టిన దగ్గర్నుంచి మా ఇంట్లో ఇదే పంచాయతీ. పుట్టుక నమోదయింది గానీ పేరు గడి ఇంకా ఖాళీ. అందరూ ‘పండు’ అనే పిలుస్తున్నారు, అదే ఖాయం చేసేద్దామంటాడు మా బావ. నేను ఒప్పుకోను.

బావ మాటలోనూ న్యాయం ఉంది. మాది చమఖండి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. ఒడియాలో ‘వ’ చాలాచోట్ల ‘బ’ అయిపోతుంది కాబట్టి మన వెంకటేశ్ అక్కడ బెంకటేశ్. మన ఇంటిపేరు ముందుంటుంది, వాళ్లది చివర. ఫారం నింపేవాళ్ల చేతిలో రెండూ తారుమారు. ‘పండు’ అయితే ఏ లిపిలో రాసినా పండే కదా అంటాడు.

కానీ పొట్టి పేరు వేరు, ముద్దుపేరు వేరు. రవి, హరి, గిరి కూడా పొట్టివే. మన బరంపురంలో 1894లో పుట్టిన వరాహగిరి వెంకటగిరి గారిని రాష్ట్రపతి అయ్యాక కూడా లోకం గిరి అనే పిలిచింది. ఆ పేరుకి ఏం లోటొచ్చింది? నోరు తిరగాలంటే అలాంటి పేరు పెట్టుకోవచ్చు.

“మరి బిజూ పట్నాయక్?” అని అడుగుతారు. నిజమే, ఆ ముద్దుపేరు మీద భువనేశ్వర్‌లో విమానాశ్రయం ఉంది, 1997లో ఒక పార్టీయే పుట్టింది. అయితే ఆయన అసలు పేరు బిజయానంద. రెండు పేర్లూ ఉన్నాయి, జనం ఒకటి ఎంచుకున్నారు. మన సినిమా నాని కూడా కాగితం మీద నవీన్ బాబే. ‘పండు’ అని మాత్రమే రాయించుకున్నవాడికి ఎంచుకోడానికి ఏం మిగిలింది?

ఇంకో మాట. ముద్దుపేరు ఇంటివాళ్ల సొత్తు. రేపు బ్యాంకులో గుమాస్తా, బడిలో హాజరు పిలిచే మాస్టారు కూడా ‘పండు’ అనేస్తే, అమ్మ దగ్గరగా పిలుచుకోడానికి వేరే పేరేదీ? మన ఒడియా స్నేహితురాళ్ల ఇళ్లలో డాకనామ వేరు, బడిపేరు వేరు. ఆ పద్ధతి నాకు నచ్చింది.

పూర్వం పొట్టి పేర్లన్నీ ముద్దుతో వచ్చినవీ కావు. ఉన్నవాడు రామయ్యగారు, లేనివాడు రాముడు, ఇంకా కిందైతే రాంగాడు. పిల్లలు దక్కని ఇళ్లలో పెంటయ్య, పుల్లయ్య అని పెట్టారు, బతికితే చాలని. నిండు పేరు పిలిపించుకోవడం కొందరికి చాలా ఆలస్యంగా దొరికిన మర్యాద. దాన్ని మనమే వదులుకోవడం ఏటి?

ఆడపిల్లల సంగతీ అడగాలి. మన నాయనమ్మల కాలంలో చిట్టెమ్మ, చిన్నమ్మి, పాపమ్మ అని రాసేస్తే ఎవరూ పంచాయతీ పెట్టినట్టు వినలేదు. ‘ఎలాగూ అత్తారింటికి పోయేదే’ అనుకున్నారేమో. ఇప్పుడు గుంటడు కాబట్టి ఇంత ఆలోచన. నేను మేనల్లుడికి అడిగేది రేపు మేనకోడలు పుట్టినా అడుగుతాను.

తొందరేం లేదు. పుట్టుక 21 రోజుల్లో చెప్పాలి గానీ, పేరు ఏడాదిలోపు రుసుము లేకుండానే చేర్పించుకోవచ్చు. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవాళ్లకి బడిలో చేరడానికీ, ఓటుకీ, డ్రైవింగ్ లైసెన్సుకీ, సర్కారు ఉద్యోగానికీ పుట్టిన తేదీకి ఆ సర్టిఫికెట్టే ఆధారం. తర్వాత మార్చాలంటే అఫిడవిట్లు, గెజిట్లు, తిరుగుళ్లు. ఆ తిరుగుడు తిరిగేది మనం కాదు, వాడు.

కాదనేవాళ్లు వచ్చే సంచికకి రాసివ్వండి, దీని పక్కనే అంటిద్దాం.